బావ గాలిపెట్టె

జనవరి 9

అక్కా,

ఒక మనిషి గంటకి ఎన్నిసార్లు చచ్చి బతకగలడో చెప్పగలవా నువ్వు? తొందరపడకు, ఆలోచించి చెప్పు. లేఖనాలన్నీ తిరగేసినా చచ్చి లేచినవాళ్ళు రెండు చేతుల వేళ్ళకు మించరు. నీ తమ్ముడు గంటకి ముప్ఫై ఎనిమిది సార్లు! ఇది నా ప్రసంగం కాదు, ఆసుపత్రివాళ్ళ కాగితం. ఒళ్ళంతా తీగలు అంటించి నన్ను పడుకోబెట్టి, నిద్రలో నా ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో లెక్క రాశారు. ఆగినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడి లేచి గాలి పీల్చుకుంటుందట. నాకు మాత్రం ఏమీ తెలియదు. హాయిగా నిద్రపోయాననే అనుకున్నాను.

పరీక్ష దాకా ఎందుకు వచ్చిందంటావా? రెండు సంగతులు. మొదటిది నవ్వొచ్చేది. పోయిన వారం ప్రార్థన కూటంలో వాక్యం చెప్తూ చెప్తూ బల్ల మీద మోచేతులు ఆనించి కళ్ళు మూసుకున్నాను. మౌన ప్రార్థన అనుకుని అందరూ తలలు వంచారు. పదకొండు నిమిషాలు! నేను లేచేసరికి ముందు వరుసలో ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ, "బాబూ, ఇన్నేళ్ళలో ఇంత బాగా నువ్వెప్పుడూ చెప్పలేదు" అంది.

రెండోది నవ్వొచ్చేది కాదు. మా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద వేడి రోలరు ఉంది కదా, దాని ముందు నిలబడే కునుకు తీశాను. చొక్కా చెయ్యి లోపలికి పోయింది. పక్కనున్నవాడు ఎర్ర మీట నొక్కాడు కాబట్టి ఈ ఉత్తరం కుడిచేత్తో రాస్తున్నాను. సూపర్‌వైజరు నన్ను బట్టలు మడిచే బల్ల దగ్గరికి తోశాడు. "నిద్ర జబ్బుకి వైద్యం జరుగుతోందని డాక్టరు రాసిస్తే తప్ప రోలరు దగ్గరికి రావద్దు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా నాది ఆ రోలరు!

ముక్కుకి మాస్కు కట్టి గాలి ఊదే పెట్టె వాడాలంది డాక్టరమ్మ. ఆసుపత్రి ఇచ్చే పెట్టె కోసం నాకంటే ముందు నలభై మంది ఉన్నారు. మూడు నెలలు ఆగాలి.

ఇక్కడితో ఉత్తరం ముగించాలనుకున్నాను. మీ మరదలు పక్కన నిలబడి, "అసలు సంగతి రాయరేం?" అని పొడుస్తోంది. అసలు సంగతి ఏమిటంటే, బావది ఒకటి ఉండాలి. నేను దాన్ని ఏమని పిలిచేవాడినో నీకు గుర్తుండే ఉంటుంది. గుర్తు లేకపోతే మరీ మంచిది.

నీ తమ్ముడు

జనవరి 15

ఒరేయ్ ఉరుమూ,

ఫోన్ చేద్దామనే అనుకున్నా. కానీ ఫోన్లో నీతో మాట్లాడితే నా వంతు వచ్చేసరికి నేను స్కూలు వాన్ తీసే టైమైపోతుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాలేవు.

గుర్తు లేకేం? "ఏనుగు తొండం" అన్నావు. "నమ్మకం ఉన్నవాడికి నిద్ర దేవుడే ఇస్తాడు, కరెంటు ఇవ్వదు" అని కూటంలో నిలబడి అన్నావు. ఆయన చివరి వరుసలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంటికొచ్చి, "మీవాడు ఉరిమాడే, వాన మాత్రం పడలేదు" అన్నాడు. నీకు ఉరుము అని పేరు పెట్టింది అందుకేగా.

ఆయన కిడ్నీ జబ్బుతో పోయి ఏడాదైంది. పెట్టె బీరువాలో నా చీరల పక్కన ఉంది. పంపిస్తున్నా. బాగా పనిచేసేది, ఆయన మెకానిక్కు కదా, తన వస్తువుని తన కారులాగే చూసుకునేవాడు. మాస్కు, గొట్టం, ఫిల్టరు, నీళ్ళ తొట్టి మాత్రం ఒకరివి ఒకరు వాడకూడదట. పెట్టె కొన్నప్పుడే మెషిన్ షాపు మనిషి చెప్పాడు. కొత్తవి తెచ్చుకో. పాతవి పారేయడానికి నాకు చేతులు రాలేదురా. సంచిలోనే ఉన్నాయి. నువ్వే చూడు.

నేను బాగానే ఉన్నా. పొద్దున లేవగానే కాస్త తలనొప్పి, నోరు ఎండిపోయి ఉంటుంది. వయసు వచ్చేసింది కదా. మొన్న సిగ్నల్ దగ్గర నేను ఏదో ఆలోచనలో పడితే వెనక పిల్లలందరూ "ఆంటీ, పచ్చ లైటూ!" అని ఒకటే కేక. నీ కూటంలో కూడా అంత గట్టిగా ఎవరూ ఆమెన్ అనరు.

ఆ పెట్టె పెట్టుకుని బతుకు. నాకున్నది నువ్వొక్కడివే.

అక్క

జనవరి 24

అక్కా,

పెట్టె చేరింది. నేను ఊరుకుంటానా? పాతవి పారేయడానికి నీకు చేతులు రాలేదని రాశావు. సరే, అక్క మనసులో ఉన్నది అర్థం చేసుకోలేనివాడు తమ్ముడేమిటి అని, వాటినే శుభ్రం చేసి వాడాలని నడుం కట్టాను.

ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో ఉన్నవాడికి శుభ్రం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ముందు లేఖనం తెరిచాను. యుద్ధంలో దొరికిన సామాను ఎలా శుద్ధి చేయాలో అందులో ఉంది. నిప్పుకి ఓర్చుకునేది నిప్పులో నుంచి పోవాలి, ఓర్చుకోలేనిది నీళ్ళలో నుంచి పోవాలి. ఎంత తేటగా ఉంది చూడు! సామానంతా రెండు కుప్పలు పోశాను. మాస్కు, గొట్టం నిప్పు కుప్ప. నీళ్ళ తొట్టి నీళ్ళ కుప్ప. పెట్టెను ఏ కుప్పలోనూ వేయలేదు, కరెంటు వస్తువని ఆ మాత్రం తెలుసు.

మాస్కూ గొట్టమూ లాండ్రీకి తీసుకెళ్ళి, అంటువ్యాధి వార్డు బట్టలకి ఆవిరి పట్టే అరలో పెట్టాను. అపవిత్రం ఏదైనా దాంట్లోంచి బతికి బయటపడదు. ఇంటి దగ్గర నీళ్ళ తొట్టిని బ్లీచుతో కడిగాను. ఒకసారి కాదు, ఏడుసార్లు. లేఖనంలో కుష్టు పట్టిన ఆ సైన్యాధిపతి నదిలో ఏడుసార్లు మునిగితేనే గదా చర్మం పసిపిల్లాడిలా అయింది! ఆరోసారికే మీ మరదలు ముక్కు మూసుకుని వాకిట్లోకి పరిగెత్తింది. అపవిత్రత పోయేది అలాగే, ఓర్చుకోవాలి అన్నాను.

ఆవిరి అర తలుపు తీస్తే మాస్కు కాలిన చెవిలా ముడుచుకుపోయి ఉంది. గొట్టం పట్టుకుంటే విరిగింది. రెండూ పారేశాను. తొట్టిలో నీళ్ళు పోసి పెట్టె ఆన్ చేస్తే గది నిండా బ్లీచు గాలి, కళ్ళ వెంట ధారలు. అదీ పారేశాను. సంచి ఎండలో వేలాడదీశాను. లోపల ఏ అపవిత్రం ఉందో ఏమోనని చెయ్యి కూడా పెట్టలేదు.

కొత్త మాస్కు తెచ్చుకోవాలి. వచ్చే వారం చూస్తాను. లేకపోతే ఆ పై వారం.

నీ తమ్ముడు

జనవరి 30

లెక్కపెట్టాను, మూడుసార్లు రాశావు. అపవిత్రం, అపవిత్రత, మళ్ళీ అపవిత్రం.

అంటువ్యాధి వార్డు బట్టలతో ఉడకబెట్టావా ఆయన మాస్కుని? ఎవరినిరా ఆవిరిలో పెట్టావు? ముప్ఫై ఏళ్ళు గ్రీజులో చేతులు పెట్టినా, నీకంటే ఎక్కువసార్లు సబ్బు పట్టుకున్న మనిషి ఆయన. పారేయడానికి చేతులు రాలేదంటే వాడుకోమని అర్థమా? ఎక్కడైనా మర్యాదగా దాచమని అర్థం. కొత్తవి తెచ్చుకోమని పక్క వాక్యంలోనే రాశాను. నువ్వు లేఖనం చదువుతావు, ఉత్తరం చదవవు.

ఆయన నీ కూటానికి ఎప్పుడొచ్చినా చివరి వరుసలోనే కూర్చునేవాడు. మొదటి వరుసకి పనికిరానివాడని నువ్వు అనుకున్నావని నాకు తెలుసు.

సంచికి లోపల ఒక జేబు ఉంది. ఆయన చేతిరాత కాగితం అందులో ఉండాలి. దాన్ని నిప్పులో నుంచీ నీళ్ళలో నుంచీ నడిపించకు. నాకు పంపు. పెట్టె కూడా ఇష్టం లేకపోతే తిరిగి పంపించెయ్.

అక్క

ఫిబ్రవరి 4

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను.

గిన్నెను బయట తోమి లోపల మురికి వదిలేసేవాళ్ళ మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశాను! బల్ల గుద్ది చేశాను. ఇప్పుడు ఆ గిన్నె నేనే. బావని అపవిత్రం అన్నానని నువ్వు అనుకున్నావు. కాదక్కా, ఒట్టు. క్రిముల గురించే రాశాను. కానీ క్రిములకి ఒక్క కడుగు చాలు, ఏడు దేనికి? అదే నన్ను నేను అడుక్కున్నాను. ఆ మాస్కు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా "ఏనుగు తొండం" అన్న నా గొంతు నాకే వినపడింది. చివరి వరుసలో నవ్వుతున్న మనిషిని వందమంది ముందు నమ్మకం లేనివాడని అన్నాను. ఆ నోటికీ ఈ ముక్కుకీ మధ్య ఉన్నది నాలుగు వేళ్ళ దూరమే. ఏ మొహంతో దాన్ని మొహానికి కట్టుకోను? ఎంత కడిగినా పోనిది మాస్కుకి కాదు, నాకు అంటుకుంది. అందుకే "ఆ పై వారం" అని రాశాను.

సంచి జేబులో కాగితం దొరికింది. అసలుది ఇందులో పెట్టాను. నకలు రాసుకుని నా గ్రంథంలో దాచుకున్నాను. ఏ పుట దగ్గరో అడక్కు. బావ ఇలా రాశాడు:

"మాస్కు రోజూ. గోరువెచ్చని నీళ్ళు, బొట్టు సబ్బు. నీడలో ఆరాలి.
తొట్టిలో నిన్నటి నీళ్ళు పారబొయ్యాలి. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, కుళాయి నీళ్ళు పోస్తే తెల్ల పొర కడుతుంది. కడితే వెనిగర్ నీళ్ళు, అరగంట.
గొట్టం వారానికోసారి. సబ్బు నీళ్ళు పోసి ఉయ్యాల ఊపినట్టు ఊపి, కడిగి, వేలాడదియ్యి.
పెట్టెకి తీగ పీకి తడిగుడ్డ. నీళ్ళలో ముంచినవాడు గాడిద.
మరిగే నీళ్ళు వద్దు, బ్లీచు వద్దు, ఎండ వద్దు.
ఫిల్టరు ఉరుము ప్రసంగం ఉన్న రోజు చూసుకో. టైము బోలెడు.
పడుకునే ముందు, ఎడమ చెవి ముందు. అది ఆవిడ వైపు."

చదివి నవ్వాను అక్కా, నవ్వుతూనే ఏడ్చాను. మరిగే నీళ్ళు వద్దు, బ్లీచు వద్దు, ఎండ వద్దు. మూడింటికి మూడూ చేశాను! పెట్టెను ముంచలేదు గనక గాడిద అనిపించుకోకుండా ఒక్క అడుగు ఇవతల ఆగాను.

వెంటనే ఇక్కడి మెషిన్ షాపుకి పరిగెత్తాను. పొట్టిగా, చెవిలో ఎప్పుడూ పెన్సిల్ పెట్టుకుని ఉంటాడు అక్కడి మనిషి. బావకి పెట్టె అమ్మిన షాపు మనిషికి శిష్యుడట. పెట్టె విప్పి లోపలి స్పాంజి పట్టీ పొడి అవుతోందేమో చూశాడు, మోటారు విన్నాడు, "వాడినవాడు దేవుడండీ, కొత్తదానిలా ఉంది" అన్నాడు. ఆ మాట నీకు రాయకపోతే నాకు పాపం. కొత్త మాస్కు నా ముక్కుకి కొలిచి ఇచ్చాడు. గొట్టం, తొట్టి, ఫిల్టరు కొత్తవే. పెట్టెలో బావకి పెట్టిన గాలి ఒత్తిడి అలాగే ఉంది. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరాదట, డాక్టరమ్మ కాగితం చూసి మార్చాడు. బావది పన్నెండు, నాది తొమ్మిది. "పేరు ఉరుమట, గాలి తొమ్మిదేనా?" అంటోంది మీ మరదలు.

ఇవాళ నుంచి కట్టుకుంటాను. బావ చెప్పినట్టే కడుగుతాను.

ఒక్కటి అర్థం కాలేదు. ఎడమ చెవి ఏమిటి? గొట్టానికి చెవులు లేవు. జేబులోనే అగ్గిపెట్టంత డబ్బా ఉంది, దాంట్లో నారింజ రంగు మెత్తని బిరడాలు రెండు, బాగా వాడి నలిగినవి. ఇవి పెట్టెలో ఏ రంధ్రానికీ సరిపోవడం లేదు. షాపు మనిషి కూడా తల గోక్కున్నాడు.

క్షమించమని ఎన్నిసార్లు అడగాలో లేఖనంలో లెక్క ఉంది. డెబ్బై ఏడుల సార్లు, అంటే నాలుగొందల తొంభై. మొదటిది ఇది.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 11

ఉరుమూ,

మిగతా నాలుగొందల ఎనభై తొమ్మిది ఉంచుకో, ముందు ముందు కావాలి నీకు.

ఆ కాగితం వాన్‌లో అద్దం పక్కన పెట్టుకున్నా. ఉదయం పిల్లల్ని దింపి, ఖాళీ వాన్‌లో కూర్చుని చదివా. "ముంచినవాడు గాడిద" దగ్గర పగలబడి నవ్వాను. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి తొంగి చూశాడు. ఏడాది తర్వాత ఆయనతో కూర్చుని నవ్వినట్టుంది. నీ మీద కోపం ఆ నవ్వులోనే పోయింది. ఇంకో మాట చెప్పనా? నువ్వు ఆయన్ని తిట్టిన రోజు నేనే ఎక్కువ బాధపడ్డాను. ఆయన మాత్రం, "మీ తమ్ముడికీ ఈ జబ్బుందే, మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం చూడు. ఎప్పుడో ఈ పెట్టె వాడికే ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు. వినపడిందా? పెట్టె నీకు ఆయనే ఇచ్చాడు.

బిరడాలంటావా? చెవుల్లో పెట్టుకునేవి అయి ఉంటాయి. పెట్టె చప్పుడు భరించలేక పెట్టుకునేవాడేమో పాపం. నాతో ఎప్పుడూ అనలేదు. నేను ఆయనకి ఎడమ పక్కన పడుకునేదాన్ని కదా, పెట్టె కూడా ఆ వైపే ఉండేదేమో, గుర్తు లేదు. నాకు తల దిండు మీద వాలిస్తే లోకం తెలియదు. అంత నిద్రపోయినా పగలు కళ్ళు మండుతాయి, అదే విచిత్రం. మొన్న స్కూలు మలుపు దగ్గర వాన్ ముందు చక్రం కాలిబాట ఎక్కి దిగింది. క్షణం, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. రెండో తరగతి పిల్ల ఒకతి, జడలు రెండూ ముందుకేసుకుని నా వెనక సీటులో కూర్చుంటుంది, అప్పట్నుంచి అది నాకు కాపలా. కళ్ళు వాలితే మెడ మీద గిల్లుతుంది! గట్టిపిండం.

నీ నిద్ర ఎలా ఉందో రాయి. రోలరు దగ్గరికి రానిచ్చారా?

అక్క

ఫిబ్రవరి 17

అక్కా,

ముందు మంచి కబురు. పదమూడు రోజులుగా కట్టుకుంటున్నాను. మొదటి రెండు రోజులు గాలిపటానికి ముక్కు కట్టేసినట్టు ఉంది. మూడో రోజు లేచి చూస్తే కిటికీలో ఎండ. తల బరువు లేదు. నా వయసులోంచి పదేళ్ళు ఎవరో ఎత్తుకుపోయారు. మట్టిబొమ్మ ముక్కులో దేవుడు ఊపిరి ఊదాడని పాతికేళ్ళుగా చెప్తున్నాను, అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. మొన్న కూటంలో ఆ మాటే చెప్పి, బావ పేరు ఎత్తి, వందమంది ముందు అన్నదాన్ని వందమంది ముందే వెనక్కి తీసుకున్నాను. చివరి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచమన్నాను. డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. నిన్న రోలరు నాకు తిరిగి వచ్చింది. తెల్ల దుప్పటి వేడిగా, ముడత లేకుండా అవతలికి వచ్చినప్పుడు నాకు పాట వచ్చింది. సూపర్‌వైజరు, "నిద్రే నయం" అన్నాడు.

రోజూ పొద్దున పెరట్లో కూర్చుని, గోరువెచ్చని నీళ్ళలో మాస్కు కడుగుతాను. ఒక్కసారే. నీడలో ఆరేస్తాను. ఆ కాసేపూ బావతోనే మాట్లాడతాను. అంత హాయిగా ఆయన బతికుండగా మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇక రెండో కబురు. ఇది చదివేటప్పుడు కూర్చో.

పెట్టె చప్పుడు భరించలేక బిరడాలు పెట్టుకున్నాడేమో అన్నావు. అక్కా, ఈ పెట్టెకి చప్పుడు లేదు. పక్కన గోడ గడియారం ఉంటే గడియారమే వినపడుతుంది. నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. "ఎడమ చెవి ముందు, అది ఆవిడ వైపు" అన్న చోట కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏమిటే?" అన్నాను. "మీకింకా తెలీలేదా? చుట్టాల పెళ్ళికని వచ్చి వదినగారు మనింట్లో వారం ఉన్నారే, మధ్య గదిలో పడుకుంటే పక్కింటివాళ్ళు ఎవరి లారీ అని అడిగారు. మీరిద్దరూ ఒక్క తల్లి బిడ్డలే, అనుమానం లేదు" అంది.

బిరడాలు నీ గురక కోసం అక్కా! పెట్టె కోసం కాదు. ఆ మనిషి నీ పక్కన పడుకుని, ముందు నీ వైపు చెవి మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని, మాస్కు కట్టుకుని, ఒక్క మాట అనకుండా నిద్రపోయాడు. తన జబ్బుతో సతమతమవుతూ నీ జబ్బు సంగతి చెప్పడానికి రోజులు చాలక పోయాడో, నువ్వు నొచ్చుకుంటావని ఆగాడో. ప్రేమ ఎన్నిటినో కప్పుతుందని లేఖనం. కప్పింది చాలు. నేను విప్పుతున్నాను.

గురక పెట్టే ప్రతివాళ్ళకీ ఈ జబ్బు ఉండదు, డాక్టరమ్మ కూడా అదే అంది. కానీ నీ ఉత్తరాలు మూడూ ముందు పెట్టుకుని చదివాను. నేను ఉత్తరాలు చదవనని అన్నావుగా! పొద్దున తలనొప్పి. ఎండిన నోరు. దిండు మీద వాలితే లోకం తెలియకపోయినా పగలు మంటెత్తే కళ్ళు. పచ్చ లైటు. కాలిబాట ఎక్కిన చక్రం. వయసు కాదక్కా, ఇది నా కాగితమే, నీ దస్తూరీలో ఉంది. నా రోలరుకి ఎర్ర మీట ఉంది, పక్కన మనిషి ఉన్నాడు. నీ వాన్‌కి ఉన్నది రెండో తరగతి పిల్ల గోళ్ళు! పదహారు మంది పసివాళ్ళ ప్రాణాలు ఒక చిన్నపిల్ల రెండు వేళ్ళ మీద ఆధారపడి ఉన్నాయి. దాన్ని ఇక ఆ కాపలా నుంచి దింపు.

ఫోన్ చేస్తే "నాకు గురకా?" అని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు. అందుకే పోస్టులో కూడా వేయలేదు. ఇది నీ చేతికిచ్చి వాకిట్లో నిలబడ్డ పొట్టి మనిషి, చెవిలో పెన్సిలున్నవాడు, మెషిన్ షాపు మనిషి. మీ ఊళ్ళో పని మీద వస్తుంటే డాక్టరమ్మ చేత రాయించి అతని చేతికి నిద్రలో ఊపిరి లెక్కపెట్టే పరీక్ష పెట్టె ఇప్పించాను. ఇంట్లోనే కట్టుకుని పడుకోవచ్చు. అతను బిడియస్తుడు. నువ్వు ఒక్క కసురు కసిరితే వెళ్ళిపోతాడు. కసరకు.

లే అక్కా. ఉత్తరం మడవకు, ముందు తలుపు పూర్తిగా తియ్యి. అతన్ని లోపలికి పిలువు. ఆ పెట్టె ఎలా కట్టుకోవాలో చూపించుకో. ఇప్పుడే స్కూలుకి ఫోన్ చేసి, రేపు వాన్ వేరే డ్రైవరు నడుపుతాడని చెప్పు. తాళాలు వాళ్ళకి అప్పజెప్పు. రేపు కాదు, ఆ పై వారం కాదు. ఒక్క కునుకే కదా అనుకున్నవాడి చొక్కా చెయ్యి రోలరు లాక్కుంది. ఇవాళే. అతను ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు అక్కా, లే!

నీ తమ్ముడు